పదిహేడు మెట్లు

గుదైబియాల మా రూముకు పదిహేడు మెట్లు.
మొన్నటి రంజాన్ దాకా లెక్క వెట్టలే.
ఇప్పుడు ఏడో మెట్టు కాడ కూసుంట,
పన్నెండో మెట్టు కాడ గోడకొరుగుత,
పైకి చేరెటాలకు
సలీమొద్దీన్ వండిన పప్పు సల్లారిపోతది.

ఇరవయ్యొక్క ఏండ్లు డక్టులు గట్టిన ఈ బహ్రెయిన్ల.
మాల్ అయితేంది, మస్జిద్ అయితేంది,
బ్యాంకోళ్ల అద్దాల మేడలైతేంది,
ఏ మూలకు ఎంత గాలి పోతున్నదో
రేకు మీద చెయ్యి వెట్టి చెప్పెటోన్ని.
ఫిల్టరు నిండితె మోటరు ఎట్ల మూల్గుతదో ఎరుకే.
గందుకే మొదట్ల భయపడలే.
కడుగుతె అయిపాయె అనుకున్న.

కడిగిన్రు సుత.
వీపుల సూది గుచ్చి
లీటరున్నర నీళ్లు తీసిన్రు, సులేమాని చాయ్ రంగువి.
మూడు దినాలు మనిషినైన.
నాలుగోనాడు మళ్ల ఏడో మెట్టే.

క్యాన్సర్ డాక్టరు మంచోడు.
తెర మీద స్కాను చూపిచ్చి
"గడ్డ పెరుగలే, ఖుష్ హో జావ్" అన్నడు.
ఖుషీ అయ్యెతందుకు సుత దమ్ము గావాలె గద సారూ
అందామనుకున్న.
గంత పొడుగు మాట నడిమిట్ల తెగిపోతదని
"షుక్రన్" అన్న.
గుండె డాక్టరు గుండె మంచిగుందన్నడు.
రక్తం చూసినోడు రక్తం మంచిగుందన్నడు.
అన్నీ మంచిగనే ఉన్నయి,
నేనే ఆడ్తలేను.

కోరుట్ల నుంచి మా ఆమె ఫోన్ల అడుగుతది:
"గట్ల రొప్పుతున్నవేంది, ఉరికొచ్చినవా?"
"లిఫ్టు ఖరాబైంది" అంట.
ఒళ్లె చాట వెట్టుకొని
దినాం వెయ్యి బీడీలు చుట్టే మనిషి ఆమె.
నేను ఒక్కటి ముట్టిచ్చినోన్ని గాదు.
గా ముచ్చట ఇద్దరం ఎత్తుకోం.

దవాఖాన వరండాల తడిగుడ్డ వెడుతున్న రెడ్డెమ్మ,
రాయచోటామె, గుడ్డ ఆపి చెప్పింది:
"ఆయాసానికే ఒక గది ఉండాదన్నా, మంగళారం మంగళారం.
చీటీ రాపిచ్చుకో.
అడక్కపోతే ఎవురూ చెప్పరు."

ఇరవయ్యొక్క ఏండ్లల్ల
అడిగి తెచ్చుకున్నది ఏదన్న ఉన్నదా అంటె
గా చీటీ ఒక్కటే.
సగం దినం జీతం కోస్తనన్నడు ఫోర్‌మన్ తిలకన్.
కొయ్యమన్న.

చిన్న గది. డాక్టర్ బద్రియా స్కాను తెరువలే.
"ఇంటికాడ మెట్లు ఎన్ని?" అన్నది.
అప్పటిదాకా ఎవ్వలూ అడుగలే.
చెప్పిన. ఏడు, పన్నెండు, పప్పు, అన్నీ చెప్పిన.
నేను ఆగిన కాడల్లా ఆమె ఆగింది.
నా మాటను ఆమె అందుకోలే, ముందల పడి పూర్తి చెయ్యలే.
కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దగ్గు అని చెప్పిన.

మోచేతులు మోకాళ్ల మీద ఆనిచ్చి వంగుమన్నరు.
పొయ్యిల నిప్పును ఊదినట్టు, కని బూడిద లేవకుంట,
మెల్లగ ఇడువుమన్నరు.
నాలిక మీదికి రెండు చుక్కల మందు,
అఫీమ్ జాతిదే, భయపడకు అన్నరు.
ఆఖర్న మరిసెల్ సిస్టరు
సొరుగులకెల్లి ఒక నీలి రంగు ఫ్యాను తీసిచ్చింది.
అరచెయ్యంత. ప్లాస్టిక్‌ది. రెండు సెల్లులది.
"దవడకు, ముక్కుకు దగ్గర పట్టుకో."

నవ్వొచ్చింది నాకు.
క్రేను గట్టి వంద టన్నుల చిల్లర్లను
ముప్పయ్యో అంతస్తు మీదికెక్కిచ్చినోన్ని,
నాకు గీ పీపె!
నవ్వుతె దమ్మొచ్చింది.
దమ్మొస్తె పీపె పట్టుకున్న.
పట్టుకుంటె
ఏమో మరి,
రొమ్ముల బిగిసిన బోల్టు ఒక్క చుట్టు వదులైంది.
ఒక్క చుట్టే.

రాత్రి ఏడో మెట్టు మీద కూసున్న.
ఇంకా ఏడో మెట్టే, మారలే.
ఫ్యాను తిరుగుతున్నది, ఫోను మోగింది.
"ఏందా సప్పుడు?"
"గాలి."
కొంచెం ఆగి, నిప్పు ఊదినట్టు ఇడిచి, అన్న:
"లిఫ్టు లేదే మా బిల్డింగుకు.
ఎన్నడు లేకుండె."

అటు దిక్కు
చాట మీద కత్తెర వెట్టిన సప్పుడు.